గొడవలో పుట్టిన గోడ

2001 మే నెలాఖరులో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తన ఫైర్‌వాల్‌ను తానే పీకి పారేసింది. ఎవరూ దాడి చేయలేదు. అందులో లోపమేదీ బయటపడలేదు. ఐపీఫిల్టర్ అనే ఆ ఫైర్‌వాల్ ఏళ్ల తరబడి నిక్షేపంగా పనిచేస్తూ వచ్చింది. అడ్డొచ్చింది దాని లైసెన్స్.

ఓపెన్‌బీఎస్‌డీ అంటే భద్రత మీదే పేరు తెచ్చుకున్న ప్రాజెక్టు. దాన్ని వాడేవాళ్లలో ఎంతోమంది ఫైర్‌వాల్ పెట్టుకోవడానికే వాడతారు. పైగా ఆర్నెల్లకోసారి ఠంచనుగా కొత్త వెర్షన్ విడుదల చేయడం వాళ్ల ఆనవాయితీ. వెర్షన్ 2.9 జూన్ 1న వచ్చేసింది. తర్వాతిది డిసెంబర్ 1న రావాలి. అప్పటికి ఫైర్‌వాల్ లేకపోతే ఆ వెర్షన్‌ను అడిగేవాడుండడు. ఆ ఖాళీలోకి వచ్చిందే పీఎఫ్. పూర్తి పేరు ప్యాకెట్ ఫిల్టర్. ఇంతకన్నా సాదా పేరు పెట్టడం కష్టం.

ఓపెన్‌సోర్స్ లోకంలో లైసెన్స్ తగాదాలకు కొదవలేదు. ఎక్కువ వాటిలో చివరికి మిగిలేది పాత ఈమెయిళ్లూ మనస్పర్థలూ. ఈ ఒక్క తగాదాలో మాత్రం చేతికొక వస్తువు మిగిలింది. అది తొందరలో తయారైంది గానీ, లోపలికి వెళ్లి చూస్తే తొందర ఎక్కడా కనిపించదు. ఈ వ్యాసం అందుకే.

ముందు గొడవ సంగతి. ఐపీఫిల్టర్ రాసింది ఆస్ట్రేలియాకు చెందిన డారెన్ రీడ్. మూల రూపంలోనైనా, కంపైల్ చేసిన రూపంలోనైనా దీన్ని వాడుకోవచ్చు, పంచిపెట్టవచ్చు, ఈ ప్రకటనను చెరపకూడదు, రాసినవాళ్ల పేరు చెప్పాలి అని అప్పట్లో దాని లైసెన్స్ చెప్పేది. పైపైన చదివితే బెర్క్‌లీ విశ్వవిద్యాలయపు బీఎస్‌డీ లైసెన్స్ లాగే ఉండేది, అందరూ అలాగే అనుకున్నారు. బీఎస్‌డీ లైసెన్స్‌లో 'మార్పులతో గానీ, మార్పులు లేకుండా గానీ' అనే అర్థం వచ్చే నాలుగు మాటలున్నాయి. రీడ్ రాసినదాంట్లో అవి లేవు. 2001 మేలో ఆయన ఇంకో వాక్యం చేర్చాడు: రచయిత ముందస్తు అనుమతి లేకుండా మార్చిన రూపాలు కుదరవని. ఆయన లెక్కలో అది కొత్త షరతు కాదు, పాత షరతుకే వివరణ.

రీడ్ చెప్పింది చట్టప్రకారం సబబే. కాపీరైట్‌లో అనుమతి ఇచ్చిందే అనుమతి, ఇవ్వనిది ఇవ్వనట్టే. అది ఆయన ఏళ్ల కష్టం, దాని హద్దులు చెప్పే హక్కు ఆయనదే. ఓపెన్‌బీఎస్‌డీ పెద్ద థియో డి రాట్ వాదన కూడా అంతే సబబు. వాళ్ల పద్ధతే కోడ్‌ను లైను లైనుగా చదివి, అనుమానం వచ్చినచోట అప్పటికప్పుడు మార్చడం. సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్ నడిబొడ్డున కూర్చుని, ముట్టుకోవాలంటే ఆస్ట్రేలియాకు ఉత్తరం రాయాల్సిన కోడ్ ఆ పద్ధతిలో ఇమడదు. ఇద్దరివీ న్యాయమైన మాటలే అయినప్పుడు రాజీకి చోటుండదు. డి రాట్ నోరు మెత్తనిది కాదన్నదీ జగమెరిగిన సంగతే. ఆయన ఐపీఫిల్టర్‌ను తీసేశాడు.

అక్కడితో ఆగలేదు. సిస్టమ్‌లోని ఫైళ్ల లైసెన్స్‌లన్నీ తిరగేయడం మొదలైంది. ఆ ఆగస్టులోనే డేనియల్ బెర్న్‌స్టైన్ రాసిన క్యూమెయిల్ లాంటి ప్రోగ్రాములు కూడా ఓపెన్‌బీఎస్‌డీ సేకరణ నుంచి బయటికి వెళ్లాయి. వాటికీ మార్పుల దగ్గరే పేచీ. ఇలాంటి సందర్భంలో వాళ్లు అంతకుముందే ఒకసారి గెలిచారు. ఫిన్లాండ్‌కు చెందిన తాతు యిలోనెన్ రాసిన ఎస్ఎస్‌హెచ్ లైసెన్స్ రాన్రానూ బిగుసుకుపోతుంటే, స్వేచ్ఛగా ఉన్న పాత వెర్షన్ ఒకటి పట్టుకుని 1999లో ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ తయారుచేశారు. ఇవాళ సర్వర్లలోకి లాగిన్ అయ్యే ఇంజినీర్లలో అత్యధికులు వాడేది అదే. కానీ అక్కడ పాత కోడ్ చేతిలో ఉంది. ఇక్కడ అదీ లేదు. మొదటి అక్షరం నుంచి రాయాలి.

రాసింది స్విట్జర్లాండ్‌కు చెందిన డేనియల్ హార్ట్‌మయర్. పాత ఫైర్‌వాల్ తీసేసిన నెల తిరక్కముందే, జూన్ 24న, ఆయన పీఎఫ్ మొదటి రూపం ఓపెన్‌బీఎస్‌డీలో చేరింది. డిసెంబర్ 1న విడుదలైన 3.0 నాటికి అది పూర్తి స్థాయి ఫైర్‌వాల్. మరుసటి ఏడాది అమెరికాలో యూజ్‌నిక్స్ సదస్సులో దాని రూపకల్పన మీద ఒక పత్రం సమర్పించాడు. ఐపీఫిల్టర్‌నూ, లినక్స్ వాళ్ల ఐపీటేబుల్స్‌నూ తన ఫిల్టర్ పక్కన నిలబెట్టి వేగం కొలిచి చూపించాడు. ఆ పత్రం చదివితే ఆయన పనితీరు తెలుస్తుంది: ఎక్కడా గొప్పలు లేవు, ఎక్కడ ఏం చేశాడో ఎందుకు చేశాడో ఉంటుంది, అంతే.

ఫైర్‌వాల్ చేసే పని వినడానికి చిన్నది. వచ్చిన ప్రతి ప్యాకెట్ తలమీద ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ పోర్టుకు, ఏ ప్రోటోకాల్‌లో అన్న వివరాలుంటాయి. అడ్మినిస్ట్రేటర్ రాసిపెట్టిన రూల్స్‌తో వాటిని పోల్చి పంపాలా, ఆపాలా తేల్చాలి. చిక్కల్లా సంఖ్యలోనే ఉంది. రూల్స్ వెయ్యి ఉంటే, సెకనుకు వేల ప్యాకెట్లు వస్తుంటే, ప్రతి ప్యాకెట్‌నూ ప్రతి రూల్‌తో పోల్చుకుంటూ కూర్చుంటే యంత్రం కూలబడుతుంది.

పీఎఫ్‌లో ముందుగా చూడాల్సింది స్కిప్ స్టెప్స్ అనే ఏర్పాటు. రూల్స్‌ను కెర్నల్‌లోకి ఎక్కించేటప్పుడే, ఒక్కో రూల్ దగ్గర కొన్ని గుర్తులు రాసిపెడుతుంది: నెట్‌వర్క్ కార్డు విషయంలో నీకంటే వేరుగా ఉన్న తర్వాతి రూల్ ఎన్నోది? ప్రోటోకాల్ విషయంలో? బయల్దేరిన అడ్రస్ విషయంలో? చేరాల్సిన పోర్టు విషయంలో? ఇప్పుడు మొదటి 50 రూల్స్ బయటి కార్డుకు సంబంధించినవే అనుకుందాం. ప్యాకెట్ లోపలి కార్డు మీద వచ్చింది. మొదటి రూల్ దగ్గర కార్డు కలవలేదు. మిగతా 49 చూడనక్కర్లేదు, గుర్తు చూసుకుని నేరుగా 51వ దానికి దూకుతుంది. లెక్క ఒక్కసారే, రూల్స్ ఎక్కించేటప్పుడు; లాభం ప్రతి ప్యాకెట్‌కూ. అన్నిటికన్నా నచ్చేది, ఫలితం అణువంత కూడా మారకపోవడం. వరసగా ఒక్కోటీ చూసుకుంటూ పోతే ఏ తీర్పు వస్తుందో దూకినా అదే తీర్పు. వేగం కోసం అర్థాన్ని వంచే సాఫ్ట్‌వేర్లు చాలా చూశాం కాబట్టి ఈ నియమం విలువ తెలుస్తుంది.

తీర్పు ఇచ్చే పద్ధతి మాత్రం కొత్తవాళ్లను తికమక పెడుతుంది. పీఎఫ్‌లో సరిపోయిన రూల్స్‌లో చివరిదే చెల్లుతుంది. లినక్స్ నుంచి వచ్చినవాళ్లకు మొదటిదే చెల్లడం అలవాటు. చివరిదే చెల్లే పద్ధతి ఐపీఫిల్టర్‌ది. హార్ట్‌మయర్ కావాలనే నిలబెట్టాడు, పాత రూల్స్ ఫైళ్లున్నవాళ్లు పెద్ద బాధ లేకుండా మారగలగాలని. గొడవపడి వదిలేసిన ప్రోగ్రామ్ భాషను ఇంత మర్యాదగా కొనసాగించడం చిన్న విషయం కాదు. నా మటుకు ఈ పద్ధతే మేలు. ముందు 'అన్నీ ఆపు' అని రాసి, కింద ఒక్కొక్క మినహాయింపూ చేర్చుకుంటూ పోవచ్చు. ఎక్కడైనా వెంటనే తేల్చేయాలంటే 'క్విక్' అన్న మాట చేరిస్తే చాలు.

అసలు బలం స్టేట్ టేబుల్‌లో ఉంది. ఒక కనెక్షన్ తాలూకు మొదటి ప్యాకెట్ మాత్రమే రూల్స్ గుండా నడుస్తుంది. దానికి అనుమతి దొరికితే ఆ కనెక్షన్ పేరిట ఒక పద్దు తెరుస్తుంది. ఆ తర్వాత అటూ ఇటూ వచ్చే ప్యాకెట్లకు రూల్స్‌తో పనిలేదు. పద్దు ఉందా అని చూస్తే చాలు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మొదటిరోజు పనిమనిషిని ఏ ఫ్లాటు, ఎవరు పిలిచారు అని అడిగి, రెండోరోజు నుంచి మొహం చూసి వదిలేసినట్టు. ఈ పద్దులు సమతూకంగా పెరిగే ద్విశాఖ వృక్షంలో ఉంటాయి. వెయ్యి కనెక్షన్లున్నా సుమారు పది పోలికల్లో కావాల్సింది దొరుకుతుంది, పది లక్షలున్నా ఇరవై పోలికల్లో. రూల్స్ అయితే వెయ్యికి వెయ్యీ చూడాల్సి రావచ్చు. అంటే కనెక్షన్లను గుర్తుపెట్టుకోవడం వల్ల భద్రతా పెరుగుతుంది, వేగమూ పెరుగుతుంది. కాపలా పెంచితే పని మందగిస్తుందనే నమ్మకం బలంగా ఉన్న రంగంలో ఈ లెక్కను హార్ట్‌మయర్ తన పత్రంలో కొలిచి మరీ చూపాడు. 2007లో వచ్చిన 4.1 నుంచి ఓపెన్‌బీఎస్‌డీలో, అడక్కపోయినా, ప్రతి పాస్ రూల్ పద్దు తెరిచేలా మార్చారు.

ఆ పద్దులో ఏముంటుందో చూస్తే ఇంకో ముచ్చట కనిపిస్తుంది. తొలినాటి పీఎఫ్‌లో ఒక్కో పద్దుకు మూడు అడ్రస్-పోర్టు జతలు: లోపలి యంత్రానిది, గేట్‌వేది, బయటి యంత్రానిది. ఆఫీసులో యాభై కంప్యూటర్లు ఒకే ఇంటర్నెట్ అడ్రస్‌ను పంచుకోవాలంటే గేట్‌వే అడ్రస్‌లు మార్చి పంపాలి, దాన్నే నాట్ అంటారు. వడపోతకూ నాట్‌కూ వేర్వేరు పట్టికలు పెట్టే బదులు, ఈ మూడు జతల పద్దు ఒక్కటే రెండు పనులూ చేసేసింది. అడ్రస్ మార్పు అక్కర్లేని కనెక్షన్‌లో లోపలి జత, గేట్‌వే జత ఒక్కటే అవుతాయి. ప్రత్యేకమైన కేసు అంటూ లేకుండా పోయింది.

అడ్రస్ మార్చగానే ఇంకో పని పడుతుంది. ప్యాకెట్‌లో చెక్‌సమ్ అనే 16 బిట్ల సంఖ్య ఉంటుంది, దారిలో అక్షరం చెడిందా అని చూసుకోవడానికి. అడ్రస్ మారితే అదీ మారాలి. ప్యాకెట్ మొత్తం మళ్లీ కూడుకుంటూ కూర్చోకుండా, పాత సంఖ్య తీసేసి కొత్తది కలిపి సరిచేసే చిన్న ఫంక్షన్ ఒకటి పీఎఫ్ సోర్స్‌లో ఉంది. కొన్ని లైన్లకు మించదు. అందులో చివర ఒక చిన్న షరతు: ప్యాకెట్ యూడీపీ రకమై, లెక్క తేలేసరికి సున్నా వస్తే, సున్నాకు బదులు 65535 ఇవ్వాలి. ఎందుకంటే యూడీపీలో చెక్‌సమ్ సున్నా అంటే 'చెక్‌సమ్ వేయలేదు' అని అర్థం. ఆ షరతు మర్చిపోతే ఎక్కడో ఒక్క ప్యాకెట్ సరిచూడకుండా వెళ్లిపోతుంది, ఎవరికీ తెలియదు, ఎవరూ ఫిర్యాదు చేయరు. ఆ ఒక్క ప్యాకెట్‌నూ పట్టించుకున్నారు. పనితనం అంటే నేను చూసేది ఇక్కడే.

ఐసీఎంపీ దోష సందేశాల విషయంలోనూ అదే ఓపిక. 'నువ్వు పంపింది చేరలేదు' అని దారిలోని రౌటర్ చెప్పేటప్పుడు, చేరని ప్యాకెట్ తల భాగాన్ని ఆ సందేశంలోనే పెట్టి పంపుతుంది. బద్ధకస్తుడైన ఫైర్‌వాల్ ఇలాంటివాటిని గుడ్డిగా వదిలేస్తుంది, లేదా గుడ్డిగా ఆపేస్తుంది. పీఎఫ్ ఆ సందేశాన్ని విప్పి, లోపలి తలను చదివి, అది నిజంగా మన కనెక్షన్‌కు చెందిందా అని పద్దుల్లో వెతుకుతుంది. చెందితే, నాట్ జరిగి ఉంటే, లోపలున్న అడ్రస్‌ను కూడా వెనక్కి మార్చి, చెక్‌సమ్‌లు సరిచేసి అందిస్తుంది.

టీసీపీ దగ్గర కథ మరో మలుపు తిరుగుతుంది. టీసీపీ కనెక్షన్‌లో ప్రతి బైటుకూ వరస సంఖ్య ఉంటుంది. అడ్రస్‌లూ పోర్టులూ ఊహించి మధ్యలో దొంగ ప్యాకెట్ దూర్చాలనుకునేవాడిని అడ్డుకోవాలంటే, వరస సంఖ్య ఆ క్షణాన ఉండదగిన హద్దుల్లో ఉందో లేదో ఫైర్‌వాల్‌కు తెలియాలి. రెండువైపులా వచ్చే సంఖ్యలు చూస్తూ ఆ హద్దుల్ని జరుపుకుంటూ పోవాలి. ఇది ఎలా చేయాలో తేల్చింది గీడో వాన్ రోయ్ అనే ఆయన రాసిన పత్రం. అది రాసింది ఐపీఫిల్టర్ గురించి! హార్ట్‌మయర్ ఆ పద్ధతినే తీసుకున్నాడు, తన పత్రంలో ఆయన పేరు చెప్పి మరీ. లైసెన్స్ కాపాడేది కోడ్‌ను, ఆలోచన అందరిదీ. గొడవలో కోడ్ పోయింది, అందులోని మంచి ఆలోచన గోడ దాటి వచ్చేసింది. ఇది దొంగతనమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, ఇంజినీరింగ్ బతికేదే ఇలా.

పీఎఫ్‌లో దానికి ఇంకో మెట్టు కూడా ఉంది. కొన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌లు కనెక్షన్ మొదలుపెట్టేటప్పుడు ఇచ్చే తొలి వరస సంఖ్యను తేలిగ్గా ఊహించొచ్చు. 'మాడ్యులేట్ స్టేట్' అని రాస్తే, పీఎఫ్ దానికి ఒక యాదృచ్ఛిక సంఖ్య కలిపి పంపుతుంది, తిరిగొచ్చే జవాబులో తీసేస్తుంది. వెనకున్న పాత యంత్రానికి ఆ సంగతే తెలియదు.

ఇవన్నీ లోపలి సంగతులు. బయటివాడికి కనిపించేది పీఎఫ్ డాట్ కాన్ఫ్ అనే ఒక్క ఫైలు. అందులో ఒక రూల్ ఇలా ఉంటుంది: పాస్ ఇన్ ప్రోటో టీసీపీ ఫ్రమ్ ఎనీ టు ఎనీ పోర్ట్ 22. ఇంగ్లిష్ వచ్చినవాళ్లు ఎవరు చదివినా అర్థమవుతుంది: టీసీపీలో, ఎక్కడి నుంచైనా, 22వ పోర్టుకు వచ్చేదాన్ని లోపలికి రానివ్వు. అదే ఐపీటేబుల్స్‌లో అయితే డ్యాష్‌లూ విడి అక్షరాలూ వరసకట్టి ఉంటాయి. తరచూ వాడే అడ్రస్‌లకు పేర్లు పెట్టుకోవచ్చు, కొన్ని పోర్టుల్ని ఒకే రూల్‌లో గుంపుగా రాయొచ్చు. ఫైలు ఎక్కించేముందు తప్పులున్నాయేమో వట్టిగా చూసుకునే వీలుంది. ఎక్కించేటప్పుడు కూడా కొత్త రూల్స్‌ను పక్కన పేర్చి, అంతా సిద్ధమయ్యాక ఒక్క దెబ్బన పాతవాటి స్థానంలో పెడుతుంది. సగం పాత, సగం కొత్త రూల్స్‌తో తలుపు బార్లా తెరుచుకునే క్షణం రాదు. అర్ధరాత్రి ఫోన్ వచ్చి, నిద్రకళ్లతో రూల్ మార్చిన ప్రతి అడ్మినిస్ట్రేటరూ ఈ రెండు సదుపాయాల విలువ చెబుతాడు.

తర్వాతి ఏళ్లలో చాలా చేతులు పడ్డాయి. హెన్నింగ్ బ్రావర్, రయన్ మెక్‌బ్రైడ్ లాంటివాళ్లు లోపలి నిర్మాణాన్ని మళ్లీ మళ్లీ తిరగరాసి వేగం పెంచారు. 2004లో 3.5తో సీఏఆర్‌పీ వచ్చి, అంతకుముందే ఉన్న పీఎఫ్‌సింక్‌తో జతకట్టింది: ఒక ఫైర్‌వాల్ చచ్చిపోతే పక్కది క్షణాల్లో దాని అడ్రస్‌నూ పద్దులనూ అందుకుంటుంది. సీఏఆర్‌పీ పుట్టుక కూడా ఇలాంటి పేచీలోంచే. అదే పనిచేసే వీఆర్ఆర్‌పీ మీద సిస్కో పేటెంట్ హక్కులు చెప్పుకోవడంతో వీళ్లు సొంతంగా ఇంకోటి రాసుకున్నారు.

లోపాలూ ఉన్నాయి. నాట్ రూల్స్ రాసే తీరును 2010లో ఓపెన్‌బీఎస్‌డీ మార్చేసింది. కొత్త తీరు చక్కనిదే, కానీ ఫ్రీబీఎస్‌డీ చాలా ఏళ్లు పాత తీరులోనే ఉండిపోయి, లోపలి కోడ్‌ను తన దారిన మల్టీ ప్రాసెసర్లకు తగ్గట్టు మలుచుకుంది. దాంతో ఒకే పేరు మీద రెండు మాండలికాలు తయారయ్యాయి. ఇంటర్నెట్‌లో దొరికిన ఉదాహరణ అతికించి, అది ఎందుకు పనిచేయడం లేదో తెలియక తల పట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మార్చుకునే స్వేచ్ఛ కోసం పుట్టిన వస్తువును తలా ఒక రకంగా మార్చుకున్నారు మరి. దానికి ఎవర్నీ అనలేం.

ఆ స్వేచ్ఛ ఫైలు నెత్తిమీదే రాసి ఉంది. పీఎఫ్ సోర్స్ ఫైలు తెరిస్తే కోడ్‌కన్నా ముందు కనిపించేది రెండు షరతుల బీఎస్‌డీ లైసెన్స్, అందులో 'మార్పులతో గానీ, మార్పులు లేకుండా గానీ' అన్న మాటలు. అందుకే అది ఎవర్నీ అడక్కుండా ఊళ్లు తిరిగింది. ఫ్రీబీఎస్‌డీ తీసుకుంది, నెట్‌బీఎస్‌డీ తీసుకుంది. చిన్న, మధ్యతరహా ఆఫీసుల్లో వాడే పీఎఫ్‌సెన్స్ ఫైర్‌వాల్ పెట్టెలకు పేరే దీన్నుంచి వచ్చింది. 2011లో యాపిల్ తన మ్యాక్ ఓఎస్ లయన్‌లో పెట్టింది. ఒరాకిల్ వాళ్ల సొలారిస్ ఎన్నో ఏళ్లు ఐపీఫిల్టర్‌నే వాడింది, 2015లో 11.3తో పీఎఫ్‌ను పక్కన చేర్చి, 11.4లో ఐపీఫిల్టర్‌ను తీసేసింది. రీడ్ ఆ వాక్యం చేర్చకపోయి ఉంటే పీఎఫ్ పుట్టేదే కాదు. అయితే వాక్యం చేర్చినంత మాత్రాన పుట్టేదీ కాదు. ఖాళీలు ఎన్నో ఏర్పడతాయి, వాటిలో ఇలాంటివి ఎన్ని మొలిచాయి?

మీ ఇంట్లో మ్యాక్ ఉంటే పీఎఫ్ మీ దగ్గర ఉన్నట్టే. టెర్మినల్ తెరిచి పీఎఫ్ డాట్ కాన్ఫ్ మాన్యువల్ పేజీ తీయండి. పొడుగ్గా ఉంటుంది, కంగారుపడకండి. చివర్లో రూల్స్ భాష వ్యాకరణమంతా ఒకచోట రాసిపెట్టారు. నెట్‌వర్కింగ్ చదువుకుంటున్న పిల్లలెవరైనా ఉంటే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, అక్కడినుంచే మొదలుపెట్టండి.